కృష్ణ దాటిన నిందితుడు: నిజాం రాజ్యం, బ్రిటిష్ ఇండియాల మధ్య అప్పగింత

హాలియా ప్రాంతం 1948కి ముందు నిజాం రాజ్యపు నల్లగొండ జిల్లాలోనిది. దక్షిణాన కృష్ణానది, ఆవలి గట్టున మద్రాసు రాష్ట్రానికి చెందిన పల్నాడు. మునగాల పరగణా స్థితి మరింత విచిత్రం. సూర్యాపేట, కోదాడల నడుమ, చుట్టూ నిజాం భూభాగమే ఉన్నా అది బ్రిటిష్ కృష్ణా జిల్లాలోని భాగం. ఇరువైపులా భాష ఒకటే, బంధుత్వాలూ ఉన్నవే. అయినా పొలిమేర దాటిన నిందితుణ్ణి వెంటాడి పట్టుకునే హక్కు నిజాం పోలీసులకు లేదు, అడిగి తెచ్చుకోవలసిందే. అదే అప్పగింత.

ఇందుకై 1867లో ఉభయ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1887లో దానిని సవరించి, బ్రిటిష్ ఇండియా చట్టంలోని పద్ధతినీ వర్తింపజేశారు. అయితే ఆ పద్ధతిలో నిందితునికి దక్కిన రక్షణ స్వల్పం. 1903 నాటి భారత అప్పగింత చట్టం ప్రకారం విదేశీ రాజ్యం కోరితే మేజిస్ట్రేటు సాక్ష్యాన్ని విచారించి, ప్రాథమికంగా కేసు ఉన్నదో లేదో తేల్చాలి. సంస్థానం కోరినప్పుడు మాత్రం, ఏడవ సెక్షను కింద, పొలిటికల్ ఏజెంటు వారంటు చాలు. హైదరాబాదు విషయంలో ఆ పాత్ర రెసిడెంటుది. మేజిస్ట్రేటు దాన్ని అమలుచేసి మనిషిని పంపాలి. ఆపే విచక్షణ ప్రధానంగా ప్రభుత్వానిదే. సంస్థానాలను పూర్తిగా పరాయి రాజ్యాలుగా గుర్తించకపోవడమే ఈ తేడాకు మూలమని నా అభిప్రాయం.

ఎదురు దిశలో బ్రిటిష్ అధికారులు ఈపాటి పద్ధతినైనా పాటించని సందర్భం ఒకటుంది. సిమ్లాలో జరిగినట్లు ఆరోపించిన నేరానికి, అక్కడి మేజిస్ట్రేటు వారంటుపై, నిజాం ప్రజ అయిన మహమ్మద్ యూసుఫుద్దీన్‌ను 1895లో శంకర్‌పల్లి రైల్వే స్టేషనులో అరెస్టు చేశారు. రైలుమార్గపు భూమిపై నిజాం తమకు అధికారం అప్పగించాడన్నది వారి వాదన. 1897లో ప్రీవీ కౌన్సిల్ దాన్ని తోసిపుచ్చింది: ఆ అధికారం రైల్వే పాలనకు పరిమితం, సిమ్లా నేరానికి రైల్వేతో సంబంధం లేదు, కాబట్టి అరెస్టు చెల్లదు. నిందితుడు దోషా కాదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. అతడు నిలబడిన నేల ఎవరిదన్నదే ప్రశ్న.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారత సైన్యం అధీనంలోకి వచ్చింది. 1951 ఏప్రిల్ 1న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అక్కడా అమలులోకి వచ్చింది. విదేశాలతో అప్పగింతలకు 1962లో కొత్త చట్టం చేశారు. 2014 జూన్ 2 నుంచి హాలియాకూ మాచర్లకూ మధ్య కృష్ణ మళ్ళీ రాష్ట్ర సరిహద్దయింది. అయితే హాలియా పోలీసులు మాచర్లలో ఒకరిని అరెస్టు చేయాలంటే ఇప్పుడు ఒప్పందం అక్కరలేదు. వారంటు దేశమంతటా చెల్లుతుంది, స్థానిక మేజిస్ట్రేటు ముందు హాజరుపరచి తరలిస్తారు.