వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల: పేరులో వచ్చిన మార్పు

కాజీపేట జంక్షనులో దిగి హనుమకొండకు వచ్చు త్రోవలో ఎన్.ఐ.టి. ద్వారము కనబడును. మన పెద్దలు నేటికిని దానిని ఆర్.ఇ.సి. అనియే పిలుచుచున్నారు. ఆ పేరు మారి ఇరువది సంవత్సరములు దాటినను జనుల నాలుకపై పాత పేరే నిలిచినది. ఆ మూడక్షరములలో మొదటిదానికి అర్థము ‘ప్రాంతీయ’ అని. ఆ మాట ఎట్లు వచ్చినది, ఎట్లు పోయినది, దానితో మన ప్రాంతపు బిడ్డలకు ఏమి లభించినది, ఏమి తగ్గినది అను సంగతులు మన సంఘస్థులు తెలిసికొనదగినవి.

స్వాతంత్ర్యము వచ్చు నాటికి తెలంగాణలో ఇంజనీరింగు చదువగోరిన వారికి 1929లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు కళాశాలయే దిక్కు. నిజాము కాలములో అచట బోధన ఉర్దూలో. తెలుగింట పుట్టిన పల్లె విద్యార్థికి ఆ మెట్టు ఎంత ఎత్తో చెప్పనక్కరలేదు. ఇంతలో రెండవ పంచవర్ష ప్రణాళిక (1956–61) వచ్చినది. ఆనకట్టలు, ఉక్కు కర్మాగారములు కట్టవలెను. కట్టించు ఇంజనీర్లు చాలరు. 1951లో ఖరగ్‌పూరులో మొదలైన ఐ.ఐ.టి.లు కొలదిమందికే చోటు ఇవ్వగలిగెను. అందుచేత కేంద్రము, రాష్ట్రములు కలిసి ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలు నెలకొల్పుటకు పూనుకొన్నవి. కాలక్రమమున పదిహేడైన ఆ కళాశాలలలో మొట్టమొదటిది వరంగల్లుది.

1959 అక్టోబరు 10వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూగారు దీనికి శంకుస్థాపన చేసిరి. నీలం సంజీవరెడ్డిగారు అప్పటి ముఖ్యమంత్రి. మరునాడే నెహ్రూగారు షాద్‌నగరులో పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించిరి. సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్ శాఖలలో ఐదు సంవత్సరముల చదువుతో కళాశాల ఆరంభమైనది.

దీని ఏర్పాటులో ఒక విశేషమున్నది. కట్టడములకును యంత్రములకును కేంద్రము ధనమిచ్చును. ఆర్.ఇ.సి. కాలములో ఏటేటి ఖర్చును కేంద్రము, రాష్ట్రము చెరిసగము భరించెడివి. సీట్లును అట్లే: సగము మన రాష్ట్రము వారికి, సగము ఇతర రాష్ట్రముల వారికి. ఇంటి బిడ్డను, పొరుగు బిడ్డను ఒకే పంక్తిలో కూర్చుండబెట్టిన ఈ ఏర్పాటును నేను మిక్కిలి మెచ్చుకొందును. ఢిల్లీ నుండి దక్షిణమునకు పోవు దారియు సికింద్రాబాదు దారియు కాజీపేటలోనే కలియును గనుక దేశపు నలుమూలల నుండి ట్రంకు పెట్టెలతో వచ్చిన పిల్లలు అచట దిగెడివారు. వేరు వేరు భాషలవారు ఒకే వసతి గృహములో ఐదేండ్లు కలిసి బ్రతికిరి.

అయితే ఈ చదువు ఎవరి కొరకు అను ప్రశ్నను మొదట గట్టిగా అడిగినవారిలో ఆ కళాశాల విద్యార్థులే కొందరుండిరి. 1970ల దశకములో విప్లవ విద్యార్థి ఉద్యమము అచట వేళ్లూనినది. అచటి విద్యార్థి సూరపనేని జనార్దన్ 1975లో, అత్యవసర పరిస్థితి కాలమున, మెదక్ జిల్లా గిరాయిపల్లిలో పోలీసు కాల్పులలో మరణించెను. అవి ఎదురు కాల్పులని పోలీసులు చెప్పిరి. పౌరహక్కుల పక్షమున విచారించిన తార్కుండే కమిటీ దానిని ఒప్పుకొనలేదు. ఆ మార్గము మనది కాదు. అయినను ఈ పుటను వదలి ఆ కళాశాల చరిత్ర వ్రాయుట న్యాయము కాదని నా తలంపు.

ఇక విశ్వవిద్యాలయపు సంగతి. కళాశాల పాఠము చెప్పును, పట్టా ఇచ్చునది మాత్రము విశ్వవిద్యాలయము. ఆర్.ఇ.సి. విద్యార్థులకు తొలుత ఉస్మానియా పట్టా లభించెడిది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయము ఏర్పడగా కళాశాల దాని క్రిందికి వచ్చినది. తనకంటె పదిహేడేండ్లు చిన్నదైన సంస్థ చేత ఈ కళాశాల పట్టాలు ఇప్పించుకొనవలసి వచ్చినది! అంతకు ముందే, 1972లో, కాకినాడ, అనంతపురము, హైదరాబాదులలోని ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలను కలిపి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము చేసిరి. వరంగల్లు కళాశాల అందులో చేరలేదు.

1998లో శాస్త్రవేత్త ఆర్.ఏ. మషేల్కర్‌గారి అధ్యక్షతన ఏర్పడిన కమిటీ ఈ కళాశాలలను జాతీయ సంస్థలుగా మార్చుడని సలహా ఇచ్చెను. 2002 సెప్టెంబరులో వరంగల్లు కళాశాల జాతీయ సాంకేతిక విద్యాసంస్థయై డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా పొందినది, అనగా తన పాఠ్యక్రమము తానే నిర్ణయించుకొని తన పట్టా తానే ఇచ్చును. 2007 ఆగస్టు 15 నుండి అమలులోనికి వచ్చిన పార్లమెంటు చట్టము దానిని జాతీయ ప్రాముఖ్యత గల సంస్థగా చేసెను. 2015లో తాడేపల్లిగూడెములో ఆంధ్రప్రదేశ్ ఎన్.ఐ.టి. మొదలైనప్పుడు దానిని చేయిపట్టి నడిపించు బాధ్యత వరంగల్లు సంస్థకే అప్పగించిరి.

పేరులో ‘ప్రాంతీయ’ పోయినను సొంత రాష్ట్రపు సగము సీట్లు పోలేదు. ఇది అనేకులకు తెలియదు. మారినది ప్రవేశద్వారము. ఆర్.ఇ.సి. కాలములో తెలుగు విద్యార్థులు ఎంసెట్టు ద్వారా చేరెడివారు. తరువాత 2002లో పుట్టిన అఖిల భారత ప్రవేశ పరీక్ష, 2013 నుండి జె.ఇ.ఇ. మెయిన్ ఆ స్థానమున వచ్చినవి. 2021 నుండి ఆ పరీక్షను తెలుగులోను వ్రాయవచ్చును; లోపల బోధన మాత్రము ఆంగ్లములోనే.

మన సంఘములలో అధిక భాగమైన దళిత క్రైస్తవులకు ఇందులో మరియొక చిక్కు కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులముల హోదా లేదు. ఆ ఉత్తర్వులో 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి గాని మనలను చేర్చలేదు. రాష్ట్ర ప్రభుత్వము వారిని బి.సి.–సి వర్గముగా గుర్తించి ఒక శాతము సీట్లు ప్రత్యేకించినది. కేంద్రపు నిబంధనలలో ఆ విడి వర్గము లేదు. కావున ఎన్.ఐ.టి.లో మన పిల్లలు ఇతర వెనుకబడిన తరగతుల 27 శాతములో పెద్ద కులములతో కలిసి పోటీపడవలెను. ఇది అన్యాయమని చెప్పుటకు నేను సంకోచింపను.

ఫీజు విషయములోను ఇదే తేడా. 2016లో ఎన్.ఐ.టి.ల బోధన ఫీజు ఏటికి 1,25,000 రూపాయలకు పెరిగినది. షెడ్యూల్డు కులముల, తెగల బిడ్డలకును, వికలాంగ విద్యార్థులకును అది పూర్తిగా మినహాయింపబడినది. కాని ఏ కులము వారైనను కుటుంబ ఆదాయము ఏటికి లక్ష రూపాయల లోపుండిన పూర్తి మినహాయింపు, లక్ష నుండి ఐదు లక్షల లోపుండిన మూడింట రెండు వంతుల మినహాయింపు అప్పుడే ఇచ్చిరి. ఫీజు అంకె విని వెనుదిరుగు తల్లిదండ్రులు ఈ సంగతి అడిగి తెలిసికొనవలెను. రాష్ట్రమునకు చూపు బి.సి.–సి పత్రము కేంద్ర ప్రవేశములకు చెల్లదు. కేంద్రపు నమూనాలో ఒ.బి.సి. ధృవపత్రమును, ఆదాయ పత్రమును తహశీల్దారు కార్యాలయమునుండి వేరుగా తెచ్చుకొనవలెను. సీట్ల కేటాయింపు మొదలైన తరువాత తిరిగినచో సమయము చాలదు గనుక ఏప్రిల్ నెలలోనే దరఖాస్తు పెట్టుట మేలు.