డి.ఎన్.ఎ. సంశ్లేషణను కొలవడం: చారిత్రక నేపథ్యం

కణం విభజన చెందే ముందు తన డి.ఎన్.ఎ.ను రెట్టింపు చేసుకుంటుందని, ఆ దశను ఎస్ దశ అంటారని గత భాగంలో చదివారు. ఎస్ దశలోని కణాలను లెక్కించడం ఎలా సాధ్యమైందో ఇప్పుడు తెలుసుకుందాం. ఈ చరిత్రలో మందు ముందు వచ్చింది. కొలత తరువాత వచ్చింది.

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడ తయారైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా మేలు జరిగిందని 1948లో ప్రకటించారు. డి.ఎన్.ఎ. తయారీకి ఫోలిక్ ఆమ్లం అవసరం. ఈ మందు దాని పనిని అడ్డుకుంటుంది.

అయితే, ఎస్ దశను ఆపాలనే ఉద్దేశంతోనే సుబ్బారావు ఈ మందు కోసం కృషి చేశారని రాయవచ్చా? రాయకూడదు. ఆయన 1948 ఆగస్టులో మరణించారు. హోవార్డ్, పెల్క్ అనే శాస్త్రజ్ఞులు రేడియోధార్మిక భాస్వరంతో చిక్కుడు జాతి మొక్క వేళ్ళలో ఈ దశను గుర్తించి వివరించింది 1953లో. తరువాతి జ్ఞానాన్ని ముందటి వారికి ఆపాదించడం చరిత్ర రచనలో దోషం.

వారి పద్ధతిలో ఫిల్ముపై పడిన గుర్తులను సూక్ష్మదర్శినిలో చూసి లెక్కించాలి. అది చాలా నెమ్మదైన పని. 1960లలో ఫ్లో సైటోమెట్రీ రావడంతో పరిస్థితి మారింది. అమ్రాబాద్ పరిసరాల్లో కాపరులు మందను దొడ్డి గుమ్మం గుండా ఒక్కొక్కటిగా వదిలి లెక్కపెట్టడం మీరు చూసి ఉంటారు. ఈ యంత్రంలోనూ కణాలు సన్నని ద్రవధారలో ఒకదాని వెనుక ఒకటి లేజర్ కాంతి ముందు నుంచి సాగుతాయి. డి.ఎన్.ఎ.కు అంటుకున్న రంగు ఎంత వెలిగితే అంత డి.ఎన్.ఎ. ఉన్నట్లు. రేఖాచిత్రంలో రెండు శిఖరాలు కనిపిస్తాయి: మొదటిది రెట్టింపు కాని కణాలది, రెండవది రెట్టింపైన వాటిది. నడుమ ఉన్నవి ఎస్ దశ కణాలు.

నడుమ ఉన్న కణం డి.ఎన్.ఎ.ను తయారుచేస్తూ ఉందా, మధ్యలో ఆగిపోయిందా? రంగు ఒక్కటే ఈ సంగతి చెప్పలేదు. థైమిడిన్‌ను పోలిన బ్రోమోడీఆక్సీయూరిడిన్‌ను కణాలకు అందిస్తే, కొత్త డి.ఎన్.ఎ.లో అది చేరుతుంది. దాన్ని గుర్తించే ప్రతిరక్షకాన్ని గ్రాట్జ్‌నర్ 1982లో వెల్లడించడంతో ఈ లోటు తీరింది.

అమినోప్టెరిన్‌కు దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. అది క్యాన్సర్ కణాన్ని ప్రత్యేకించి గుర్తించదు, డి.ఎన్.ఎ. తయారుచేసుకునే కణాలన్నింటినీ దెబ్బతీస్తుంది. అందుకే రోగికి నోట్లో పుండ్లు పడతాయి, రక్తకణాలు తగ్గుతాయి. కనుక వైద్యునికి మందు మోతాదు ఎంత ముఖ్యమో, రక్తపరీక్ష కూడా అంతే ముఖ్యం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: డి.ఎన్.ఎ. పరిమాణాన్ని కొలవడానికీ, డి.ఎన్.ఎ. సంశ్లేషణను కొలవడానికీ గల తేడాను ఐదు వాక్యాలలో రాయండి.