దేశంలో ఇంటర్నెట్ తొలి దశాబ్దం: టెలిఫోన్ తీగ నిర్ణయించిన విస్తరణ

భారతదేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవలు 1995 ఆగస్టు 15వ తేదీన అందుబాటులోకి వచ్చాయి. వి.ఎస్.ఎన్.ఎల్.గా సుపరిచితమైన ప్రభుత్వ రంగ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ వీటిని ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై నగరాలలో ప్రారంభించింది. అంతకు పూర్వమే, 1986లో, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం సహకారంతో ఎలక్ట్రానిక్స్ శాఖ ఎర్నెట్ నెట్‌వర్క్‌కు రూపకల్పన చేసింది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ నెలకొల్పిన నిక్‌నెట్ ఉపగ్రహ మార్గంలో జిల్లా కేంద్రాలను అనుసంధానించింది. అయితే ఎర్నెట్ విద్యా, పరిశోధనా సంస్థల అవసరాలకు, నిక్‌నెట్ ప్రభుత్వ పరిపాలనా అవసరాలకు ఉద్దేశించినవి.

ప్రారంభంలో కనెక్షన్ వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు మాత్రమే. ఈ వేగంతో ఒక మెగాబైటు పరిమాణం గల దస్త్రం చేరడానికి, మధ్యలో లైను తెగకుండా ఉంటే, సుమారు పదిహేను నిమిషాలు పడుతుంది. వ్యక్తిగత ఖాతా రుసుము రూ.5,000. గిరాకీని తక్కువగా అంచనా వేయడంతో తొలి రోజులలో సేవలు తీవ్ర ఒడిదొడుకులకు లోనయ్యాయి. అయినప్పటికీ ఆరు నెలలలో సుమారు 10,000 మంది చందాదారులుగా చేరడం గమనార్హం.

అసలు అవరోధం రుసుము కంటే టెలిఫోన్ లైను వద్దనే ఉన్నది. 1994 జాతీయ టెలికాం విధానం ప్రకటించిన నాటికి దేశం మొత్తం మీద దాదాపు 80 లక్షల లైన్లు ఉండగా, మరో 25 లక్షల మంది నిరీక్షణ జాబితాలో ఉన్నారు. ప్రతి వంద మందికి ఉన్న టెలిఫోన్లు సగటున 0.8 మాత్రమే. డయల్ అప్ పద్ధతిలో ఇంటర్నెట్ కావాలంటే ముందుగా ఫోను ఉండాలి. ఖాతా రుసుముకు తోడు ఫోను కాల్ ఛార్జీలూ చెల్లించాలి. సమీపంలో ఇంటర్నెట్ కేంద్రం లేని పట్టణాలవారికి ఎస్.టి.డి. ఛార్జీలు అదనపు భారమయ్యాయి.

1998 మే నెలలో కేంద్ర ప్రభుత్వం సమాచార సాంకేతిక రంగంపై జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను నియమించింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి శ్రీ ఎన్.చంద్రబాబు నాయుడు దీనికి సహాధ్యక్షులుగా వ్యవహరించారు. టాస్క్‌ఫోర్స్ అదే సంవత్సరం జులైలో 108 అంశాల కార్యాచరణ ప్రణాళికను సమర్పించింది. 1998 నవంబరులో ఇంటర్నెట్ సేవల రంగం ప్రైవేటు సంస్థలకు తెరుచుకున్నది. లైసెన్సుల సంఖ్యపై పరిమితి విధించలేదు. లైసెన్సు రుసుమును తొలి ఐదేళ్లు రద్దు చేసి, ఆ తరువాత ఏడాదికి ఒక్క రూపాయిగా నిర్ణయించారు. ప్రభుత్వ ఖజానాకు రాబడిగా దీనికి విలువ లేదు; ప్రవేశ ద్వారం వద్ద అడ్డు తొలగించడమే దీని ఉద్దేశం.

ఫలితం వెంటనే కనిపించింది. 1999 మార్చి నాటికి 2.8 లక్షలుగా ఉన్న చందాదారుల సంఖ్య 2001 మార్చి నాటికి సుమారు 30 లక్షలకు చేరింది. ఈ సంఖ్యను వాడుకదారుల సంఖ్యగా భావించరాదు. నాటి సైబర్ కేఫ్‌లలో ఒకే కనెక్షన్‌ను రోజంతా పలువురు గంటల లెక్కన వినియోగించుకునేవారు. ఎస్.టి.డి. బూత్‌ల ద్వారా టెలిఫోన్ విస్తరించిన తీరుకు ఇది కొనసాగింపే. కనెక్షన్ లేని కుటుంబాలకూ నెట్‌వర్క్ ప్రయోజనం అందించిన మరొక ఏర్పాటు ఆంధ్రప్రదేశ్‌లోని ఈ-సేవ. 1999 డిసెంబరులో ట్విన్స్ పేరిట హైదరాబాద్‌లో ప్రయోగాత్మకంగా మొదలై, 2001 ఆగస్టులో ఈ-సేవగా రూపాంతరం చెందిన ఈ కేంద్రాలలో పౌరులు విద్యుత్తు, నీటి బిల్లులు, పన్నులు ఒకేచోట చెల్లించగలిగారు. కంప్యూటర్ ముందు కూర్చున్నది కౌంటరు ఉద్యోగి. క్యూలో నిలబడే సమయం ఆదా అయినది పౌరునికి.

2001 అనంతరం వృద్ధి మందగించింది. 2003 డిసెంబరు ఆఖరుకు జనాభాలో ఇంటర్నెట్ వ్యాప్తి 0.4 శాతం కాగా, బ్రాడ్‌బ్యాండ్ వ్యాప్తి 0.02 శాతం. లైసెన్సులు సులభమైనా, ఇంటి వరకు వెళ్లే రాగి తీగ అత్యధికంగా బి.ఎస్.ఎన్.ఎల్., ఎం.టి.ఎన్.ఎల్. సంస్థల అధీనంలోనే ఉండటం ఇందుకు ఒక ముఖ్య కారణం. ఆ తీగను ఇతర సంస్థలు కూడా వినియోగించుకునేలా నిబంధన ఉండాలని టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ ట్రాయ్ 2004 ఏప్రిల్‌లో సిఫారసు చేసింది. 2004 అక్టోబరు 14న వెలువడిన బ్రాడ్‌బ్యాండ్ విధానం ఈ సిఫారసును తప్పనిసరి చేయలేదు. సంస్థలు పరస్పర అంగీకారంతో ఒప్పందాలు చేసుకోవచ్చునని పేర్కొన్నది. ఆ దశాబ్దపు విధాన నిర్ణయాలలో దీర్ఘకాలిక ప్రభావం చూపినది బహుశా ఇదే.

ఆ విధానం 2010 నాటికి 2 కోట్ల బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లను లక్ష్యంగా నిర్దేశించగా, 2010 ఆఖరుకు సాధించినవి సుమారు 1.1 కోట్లు. వివిధ సంవత్సరాల గణాంకాలను పోల్చేటప్పుడు నిర్వచనంలోని మార్పులను గమనించవలసి ఉంటుంది. 2004లో సెకనుకు 256 కిలోబిట్లుగా ఉన్న బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెంచారు. మొబైల్ ఫోన్ల ద్వారా పొందే బ్రాడ్‌బ్యాండ్ కూడా ఇటీవలి లెక్కలలో చేరి ఉన్నందున, వాటిని 2004 లక్ష్యాలతో నేరుగా పోల్చడం సరికాదు.