కండరాన్ని కొలిచిన కథ

రోగి బరువు తగ్గకపోతే కండరం క్షీణించలేదని భావించకండి. ఒంటికి పట్టిన నీరు ఆ నష్టాన్ని కప్పివేయవచ్చు. అయితే బతికున్న మనిషి కండరాన్ని తూచడమెలా?

1832లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ మాంసంలో క్రియాటిన్‌ను కనుగొన్నాడు. దేహంలో ఇది అధికభాగం కండరాల్లోనే ఉంటుంది. రోజూ కొంత క్రియాటినిన్‌గా మారి మూత్రంలో విసర్జితమవుతుంది. ఆహారంలో మాంసకృత్తులు తగ్గిస్తే మూత్రంలో యూరియా బాగా తగ్గినా, క్రియాటినిన్ దాదాపు స్థిరంగా ఉంటుందని 1905లో అమెరికాలో ఓటో ఫోలిన్ చూపాడు. ఆ విధంగా 24 గంటల మూత్రం కండర పరిమాణానికి కొలబద్ద అయింది.

తరువాత న్యూట్రాన్ల సాయంతో దేహంలోని మొత్తం నత్రజనిని కొలవగలిగారు. మాంసకృత్తుల్లో నత్రజని సుమారు 16 శాతం. కాబట్టి దానిని 6.25తో గుణిస్తే దేహంలోని మాంసకృత్తుల అంచనా వస్తుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి: మూత్రపిండాలు దెబ్బతిన్నా, ముందురోజు మాంసం తిన్నా, ఒక్కసారి మూత్రం సేకరించకపోయినా క్రియాటినిన్ లెక్క తప్పుతుంది.