దావీదు పుత్రశోకము

దావీదు పుత్రశోకము: ఇశ్రాయేలు రాజైన దావీదు, తనపై తిరుగబడిన కుమారుడు అబ్షాలోము హతుడైన వార్త విని, జయము లభించిన దినముననే విలపించిన వృత్తాంతము. ఇది సమూయేలు రెండవ గ్రంథమున 15 మొదలు 19 వరకు గల అధ్యాయములలో నున్నది.

చెల్లెలిని చెరచిన సవతియన్న అమ్నోనును చంపించి గెషూరునకు పాఱిపోయి, మూడేండ్లకు తిరిగివచ్చియు తండ్రి ముఖము చూడ నోచక మఱి రెండేండ్లు గడపిన అబ్షాలోము, తుదకు హెబ్రోనున రాజుగా ప్రకటించుకొనగా, దావీదు తల కప్పుకొని, చెప్పులు లేని కాళ్లతో, ఏడ్చుచు ఒలీవచెట్ల కొండ యెక్కి యెరూషలేమును విడిచెను. దారిలో మునుపటి రాజు సౌలు వంశీయుడైన షిమీ రాళ్లు రువ్వి శపింపగా, వాని తల నఱకెదనన్న తన సేనాని అబీషైని వారించి, ఆ శాపము దైవప్రేరితమేమో యని సాగిపోయెను.

ఎఫ్రాయిము అడవిలో జరిగిన పోరున 20,000 మంది కూలిరి. కత్తికంటె అడవియే యెక్కువమందిని మ్రింగెనని గ్రంథము చెప్పుచున్నది. మస్తకివృక్షపు కొమ్మలలో తల చిక్కి వ్రేలాడుచున్న అబ్షాలోమును, రాజు వలదన్నను, దావీదు సేనాపతి యోవాబు పొడిచెను. తాను తలదాచుకొనిన మహనయీములో రెండు గుమ్మముల నడుమ కూర్చుండి యెదురుచూచుచున్న రాజు, నిజము వినినంతనే గుమ్మముపైని గదికెక్కి, వానికి బదులు తానే చచ్చియుండరాదా యని వాపోయెను. గెలిచిన సైనికులు ఓడినవారివలె సిగ్గుపడి నగరము దొంగచాటుగా చొచ్చిరి. యోవాబు కఠినముగా మందలింపగా, రాజు మాఱుపలుకక లేచివచ్చి గుమ్మమున కూర్చుండెను. కొడుకును చంపినవాని మాటకు లేచి వచ్చుటలోని వినయము కన్నీటిలోని వినయముకంటె గొప్పదని మాకు తోచుచున్నది.

తెలుగు పాఠకునకు ఇచట ధర్మరాజు స్ఫురింపక మానడు. తిక్కన తెనిగించిన శాంతిపర్వమున అతడును గెలిచిన రాజ్యమును వలదనును. కాని అతని శోకమును తీర్ప భీష్ముడు కలడు. దావీదునకు యోవాబు తప్ప వేఱొకడు లేడు.

ఈ కథ తెలుగునాట బడిపాఠమైన చోట్లలో బందరు ఒకటి. చర్చి మిషనరీ సొసైటీ అను క్రైస్తవ ప్రచార సంస్థ పక్షమున రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు 1841లో బందరు చేరిరి. 1843లో నోబులు నెలకొల్పిన పాఠశాలలో అగ్రవర్ణముల బాలురకు బైబిలు పాఠము నిత్యవిధిగా నుండెను. 1852లో విద్యార్థు లిద్దరు బాప్తిస్మము పొందగా ఊరు కలతపడి, తల్లిదండ్రులు బిడ్డలను బడి మాన్పించిరి. దావీదు కథ నేర్పు బడియే బందరు తండ్రులకు పుత్రవియోగభీతిని కలిగించుట విధివిలాసమే. తెలుగున సంపూర్ణ బైబిలు 1854లో వెలువడెను. ఆ పిమ్మట 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిన ఉప్పెనలో 10,000 మందికి పైగా మరణించిరి. ఈ తీరమున గుమ్మముపైని గదిలోని దావీదు యేడుపునకు వ్యాఖ్యానము వ్రాయ నక్కఱలేదు.

తిరుగుప్రయాణమున యోర్దాను రేవున సాగిలపడిన షిమీకి దావీదు ప్రమాణపూర్వకముగా ప్రాణభిక్ష పెట్టెను. అయినను మరణశయ్యపై కుమారుడు సొలొమోనును పిలిచి, యోవాబును, షిమీని నెమ్మదిగా చావనీయవలదని చెప్పినట్లు రాజుల మొదటి గ్రంథమున నున్నది. ఇరువురును సొలొమోను పంపిన బెనాయా చేత హతులైరి.