ఉప్పూ, పంచదారా, ఓ పీతకాలు

మొన్న మా చిన్నాడికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఇక్కడి డాక్టరమ్మ మందేమీ రాయలేదు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళసీసా ఒకటి కొని, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టమంది. ఫోన్లో చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. "మా తమ్ముడికి మంచినీళ్ళు కూడా ఇవ్వనివ్వలేదురా" అంది చివరికి. నీళ్ళు తాగితే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయని అప్పటి నమ్మకం. 1958 ఎండాకాలం. వాడికి మూడేళ్ళు. ఉండుంటే నాకు మావయ్య.

ఆ రాత్రి నిద్రపట్టక, అసలు ఆ సీసాలో ఏముందా అని చదువుతూ కూర్చున్నాను.

మన కణాల్లోపల సోడియం తక్కువ, బయట ఎక్కువ. వదిలేస్తే లోపలికి వచ్చేస్తూనే ఉంటుంది. చిల్లుపడవలో నీళ్ళు తోడినట్టు దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడాలి. దానికి శక్తి కావాలి. ఆ శక్తినిచ్చే ఏటీపీని 1929లో కనుక్కున్నవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు (హార్వర్డులో ఫిస్కెతో కలిసి, అదే ఏడు జర్మనీలో లోమన్ విడిగా).

తోడే యంత్రం మాత్రం 1957లో దొరికింది. డెన్మార్కులో యెన్స్ స్కౌ అనే డాక్టరు మత్తుమందుల సంగతి తేల్చుకుందామని పీతకాళ్ళ నరాలు నూరి చూస్తే, సోడియం, పొటాషియం రెండూ ఉన్నప్పుడే ఏటీపీని జోరుగా ఖర్చుపెట్టే ఎంజైము కనిపించింది. ఒక్కో ఏటీపీకి 3 సోడియాలు బయటికి, 2 పొటాషియాలు లోపలికి! నోబెల్ వచ్చింది నలభై ఏళ్ళకి, 1997లో.

1960లో ప్రేగ్ సభలో రాబర్ట్ క్రేన్ ఇంకో ముడి విప్పాడు. అలా తోడేసిన సోడియం పేగుకణాల్లోకి తిరిగొచ్చేటప్పుడు గ్లూకోజుని చెయ్యిపట్టుకుని వెంట తెస్తుందిట. వాటి వెనకాలే నీళ్ళు. కలరా కూడా ఈ దారి మూయలేదు. కాబట్టి ఉత్త ఉప్పునీళ్ళు చాలవు, ఉత్త పంచదారనీళ్ళూ చాలవు. రెండూ కలవాలి.

1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బన్‌గావ్ చేరినప్పుడు కలరా విరుచుకుపడింది. సెలైన్ నిండుకుంది. డాక్టర్ దిలీప్ మహలనోబిస్ లీటరు నీళ్ళకి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల తినేసోడా లెక్కన డ్రముల్లో కలిపించి, రోగుల వెంట వచ్చినవాళ్ళ చేతికే కప్పులిచ్చి తాగించమన్నాడు. అలాంటి శిబిరాల్లో నూటికి ముప్పైమంది దాకా పోతుంటే, ఆయన దగ్గర పోయినవాళ్ళు నలుగురి లోపే. 2022లో ఆయన కన్నుమూశారు. నోబెల్ రాలేదు.

1958 నాటికి స్కౌ పేపరు అచ్చయి ఏడాది. ఉప్పూ పంచదారా మా అమ్మమ్మ వంటింట్లోనే ఉన్నాయి. కలిపి పట్టమని చెప్పే మనిషే లేడు.

ఇంట్లో రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచుకోండి. ఊళ్ళో పెద్దవాళ్ళకీ ఓ మాట చెప్పండి.