ఖమ్మం - భద్రాచలం అడవులలో కార్యాచరణ ప్రణాళికలు, జీవవైవిధ్యం

అటవీ కార్యాచరణ ప్రణాళిక (వర్కింగ్ ప్లాన్) అనగా ఒక అటవీ డివిజనులో సాధారణంగా పదేళ్ళపాటు ఎక్కడ చెట్లు కొట్టాలో, ఎక్కడ నాటాలో, ఏ భాగాన్ని ముట్టకుండా విడవాలో నిర్ణయించే పత్రము. గోదావరికి ఇరువైపులా ఉన్న ఖమ్మం, భద్రాచలం అడవులు ఆకురాల్చు అడవులు. టేకు, నల్లమద్ది, ఏగి, తునికి, ఇప్ప, వెదురు ఇక్కడి ముఖ్య జాతులు.

చరిత్ర

భద్రాచలం ప్రాంతం మద్రాసు పాలనలోను, ఖమ్మం ప్రాంతం నిజాము పాలనలోను ఉండేవి. భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 వచ్చిన తరువాతనే రెంటికీ ఒకే చట్టం వర్తించింది.

పాత ప్రణాళికలు ప్రధానంగా కలప, వెదురు దిగుబడి లెక్కలు. 1975లో ఏర్పడిన అటవీ అభివృద్ధి సంస్థ ఈ జిల్లాలో జామాయిల్ తోటలు పెంచింది. 1979లో సారపాకలో కాగితపు మిల్లు ఉత్పత్తి ప్రారంభించడంతో గుజ్జు కర్రకు గిరాకీ పెరిగింది. పటంలో జామాయిల్ తోట కూడా పచ్చగానే కనిపిస్తుంది. కాని అందులో కోయలు ఏరుకొనే ఇప్పపువ్వు గాని, ఎలుగుబంటి తినే తునికిపండు గాని దొరకవు.

మార్పులు

1988 జాతీయ అటవీ విధానం ఆదాయం కంటే పర్యావరణ సమతుల్యతకు ప్రాధాన్యమిచ్చింది. కేంద్రం ఆమోదించిన ప్రణాళిక లేనిదే అడవిలో చెట్లు కొట్టరాదని 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2014 నాటి జాతీయ వర్కింగ్ ప్లాన్ కోడ్ తన పేరులోనే జీవవైవిధ్యాన్ని చేర్చుకొన్నది. 2023లో దీనిని సవరించారు.

క్షేత్రస్థాయిలో ఇందుకు కావలసినవి పెద్ద పనులేమీ కావు. వాగుల ఒడ్డున కొంత మేర చెట్లు కొట్టకుండా వదలాలి. కలపకు పనికిరాని తొర్రచెట్లను పక్షుల కోసం, తేనెటీగల కోసం నిలపాలి. మొలకల లెక్కలో టేకుతో పాటు మిగిలిన జాతులనూ చేర్చాలి. నిప్పు సంగతి మాత్రం చిక్కైనది. తునికాకు లేత చిగురు వేయాలని వేసవికి ముందు పెట్టే మంటలో మిగతా మొలకలు మాడిపోతాయి. ఆకు ఏరితే వచ్చే కూలి ఎన్నో గిరిజన కుటుంబాలకు ఆధారము కనుక నిషేధంతో ఇది తీరేది కాదు. పొదలను ముందుగా కొట్టించి చిగురు తెప్పించడమే దీనికి వాడుకలో ఉన్న ప్రత్యామ్నాయం.

పోడు భూములు మరొక సమస్య. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం సాగుదారులకు హక్కుపత్రాలతో పాటు, గ్రామసభకు సామూహిక అటవీ వనరుల రక్షణ, నిర్వహణ హక్కు కూడా ఉన్నది. అందుచేత ప్రణాళిక ఇప్పుడు అటవీ శాఖ ఒక్కదానిదే కాదు.

సరిహద్దు

పాల్వంచ సమీపంలోని కిన్నెరసాని అభయారణ్యం (635 చ.కి.మీ.) ప్రస్తుతం తెలంగాణలో, పాపికొండల జాతీయ వనం (1012 చ.కి.మీ.) ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. పోలవరం ముంపు కారణంగా 2014లో భద్రాచలం పట్టణం మినహా చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. ఒకప్పుడు ఒకే జిల్లాకు చెందిన అడవికి ఇప్పుడు రెండు రాష్ట్రాలు వేర్వేరుగా ప్రణాళికలు వ్రాస్తున్నాయి. అడవిదున్నల మంద మాత్రం గట్టు దాటి మేస్తుంది.